గాజులబావి గల్లీ నల్లా గ్రూపు

గౌరవనీయులైన ఠాణా ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,
లాల్‌దర్వాజా, గాజులబావి గల్లీ నివాసి గుండయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: 'గాజులబావి గల్లీ నల్లా' అను వాట్సాప్ గ్రూపు మీద వచ్చిన ఫిర్యాదులో దివంగత దస్తగీర్ పేరు కొట్టివేసి ఆ స్థానంలో నా పేరు వేయుట గురించి, అతని ఫోను స్వాధీనం చేసుకోకుండుట గురించి, సదరు గ్రూపును మూసివేయకుండుట గురించి.

సూచిక: కానిస్టేబుల్ డానియేలు గారు మా ఇంటి అరుగు మీద కూర్చొని నోటిమాటగా చెప్పినది.

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయంగా మనవి చేయునది ఏమనగా, నేను ఛత్తా బజారులో ఒక పెండ్లి పత్రికల ప్రెస్సులో తెలుగు మేటరు కూర్చేవాడిని. వయసు మళ్ళినా యజమాని నన్ను వదలలేదు, నేనూ ఆయనను వదలలేదు. జీవితమంతా 'సపరివార సమేతంగా విచ్చేసి' అని కూర్చిన చెయ్యి ఇది. అర్జీ రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా శుభలేఖ వాసన తగిలితే మన్నించగలరు. రాయబోయేది మాత్రం శుభం కాదు.

1. గ్రూపు పుట్టుపూర్వోత్తరములు.

మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏ వేళకు వస్తుందో వాల్వు తిప్పే లైన్‌మన్ బుచ్చయ్యకు తప్ప మరొకరికి తెలియదు. వచ్చినప్పుడు పట్టుకోకపోతే మళ్ళీ ఎల్లుండి దాకా డ్రమ్ములు ఖాళీ. గల్లీ మొగదలలో దస్తగీర్ అని నీళ్ళ మోటార్లు రిపేరు చేసే మనిషి ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ నాకు స్నేహితుడు. బుచ్చయ్య వాల్వు తిప్పే ముందు అతనికి ఒక మాట చెప్పేవాడు. అతను చేతిలో పానా పట్టుకొని, గల్లీ పొడవునా కరెంటు స్తంభాలను టంగుటంగున కొట్టుకుంటూ పోయేవాడు.

"లేవుండ్రి! నల్లా ఆరహీ! బిందెలు వెట్టుండ్రి!"

హిందువుల ఇంటి ముందు ఒక దెబ్బ, ముసల్మానుల ఇంటి ముందు ఒక దెబ్బ అని లేదు. స్తంభం ఎక్కడుంటే అక్కడ దెబ్బ. తరువాత అతనికి మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు నేనే చెప్పాను, ఇంత తిరుగుడు ఎందుకు, ఫోనులో గ్రూపు పెడదామని.

"అడ్మిన్ అంటే ఏంది గుండయ్యా?" అని అడిగాడు.

"గ్రూపుకు జిమ్మేదారు."

"ఒక్కనితోని కాదు యారా. ఇద్దరం ఉందాం. నీ దిక్కోళ్ళు అలిగితే నువ్వు పో, నా దిక్కోళ్ళు అలిగితే నేను పోత." మళ్ళీ అన్నాడు: "ఒక్క మాట. దీన్ల నీళ్ళ ముచ్చట దప్ప ఇంకోటి వద్దు. పెండ్లి వద్దు, సావు వద్దు, పండుగ సలాములు వద్దు. ఒక్కటి రానిస్తే అన్నీ వస్తయ్."

ఆ మాటనే నేను చక్కని తెలుగులో కూర్చి గ్రూపు పైన పెట్టాను. ఇత్తడి నల్లా ఫోటో తీసి అతను గుర్తుగా పెట్టాడు. చదువు రానివాళ్ళు కూడా నల్లా బొమ్మ చూసి గ్రూపును గుర్తుపట్టేవారు.

2. నిర్వహణలో ఎదురైన ఇబ్బందులు.

అయ్యా, గ్రూపు నడపడం అంటే ఏమో అనుకున్నాను. రెండు వందల మంది ఒకే గదిలో కూర్చుని, ఎవరి మొహం ఎవరికీ కనపడకుండా మాట్లాడుకుంటే ఏమవుతుందో అదే అయింది. పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు. నీళ్ళ కబురు ఆ పువ్వుల కింద ఎక్కడో పడి కనపడేది కాదు. సోనీ తన బ్యూటీ పార్లరు రేట్లు పెట్టేది. లలితమ్మ గారు తప్పిపోయిన పిల్లి ఫోటో పెట్టారు. పిల్లి దొరికింది, ఫోటోను గ్రూపులో నుంచి తీసేసినందుకు ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. పండుగల ముందు ఒకరు కాషాయం రంగు బొమ్మ పెడితే, ఇంకొకరు పచ్చ రంగు బొమ్మ పెట్టేవారు. మొదటిది తీస్తే రెండోది ఎందుకు ఉంచావని, రెండోది తీస్తే మొదటిది ఎంతసేపు ఉంచావని అడిగేవారు. రెండూ ఒకేసారి తీస్తే ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. ఆ పూట మాత్రం గల్లీలో మంచి ఐకమత్యం ఉండేది.

దస్తగీర్ పద్ధతి వేరు. అతను ఎవరి మాటా తీసేవాడు కాదు. కుంటుకుంటూ వాళ్ళ ఇంటికి పోయేవాడు, కూర్చునేవాడు, చాయ్ వచ్చే దాకా మోటారు ఎట్లా ఉందని అడిగేవాడు. చాయ్ తాగినంక, "బేటా, అది జర తీసెయ్యరాదు" అనేవాడు. వాళ్ళే తీసుకునేవారు.

"ఫోన్ల తీసేస్తే పగ వడతరు గుండయ్యా. ఇంట్ల కూసోని చెప్తే సిగ్గుపడతరు. సిగ్గు మంచిది," అని నాకు చెప్పేవాడు.

పోయిన బోనాలకు ముందు తమరు అడ్మిన్లందరినీ పిలిచి సమావేశం పెట్టారు. మేమిద్దరం వచ్చి రెండో వరుసలో కూర్చున్నాం. "గ్రూపులో ఏం పడ్డా అడ్మిన్‌దే జవాబుదారీ" అని తమరు మైకులో సెలవిచ్చారు. దస్తగీర్ తనకు ఇచ్చిన సమోసాను రుమాలులో కట్టుకొని భార్యకు తీసుకుపోయాడు. తమరికి గుర్తుండకపోవచ్చు. తెల్ల గడ్డం, బూడిద రంగు కమీజు, లేచేటప్పుడు ముందున్న కుర్చీ పట్టుకున్న మనిషి.

3. దస్తగీర్ మరణము.

చలికాలంలో అతను పోయాడు. గుండె ఆగింది. ఒక మోటారు విప్పి ముందర పెట్టుకొని అలాగే ఒరిగిపోయాడు. గల్లీ గల్లీ అంతా జనాజా వెంట నడిచింది. నేనూ భుజం ఇచ్చాను. నేను పొట్టివాడిని, నా భుజానికి అందక పక్కవాళ్ళు వంగి మోశారు.

గ్రూపులో మాత్రం అతని చావు కబురు పడలేదు. చావు వద్దని అతనే పెట్టిన రూలు. వేద్దామని చెయ్యి ఫోను మీద పెట్టి, తీసేశాను. అతని మాటను అతని పీనుగ ఇంట్లో ఉండగానే నేనే కాదనలేకపోయాను. గల్లీలో అందరికీ తెలుసు గదా, ఎవరికి చెప్పాలి అనుకున్నాను. గల్లీ విడిచిపోయి గ్రూపు విడవనివాళ్ళు ఉంటారని అప్పుడు తోచలేదు. ఈ అంశం తరువాత అవసరపడుతుంది కనుక తమరు గుర్తుంచుకోవాలని మనవి.

4. షౌకత్ బీ గురించి.

దస్తగీర్ భార్య షౌకత్ బీని నేను భాభీ అంటాను. కూతురు అతియా పెండ్లయి చాంద్రాయణగుట్టలో ఉంటుంది. భాభీ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. లెక్క మాత్రం బాగా వచ్చు.

చాలీస్వాఁ అయిన తరువాత, అంటే నలభయ్యో రోజు ఫాతెహా అయిన తరువాత, అతని నంబరు గ్రూపులో నుంచి తీసివేసే సంగతి మాట్లాడదామని వాళ్ళింటికి పోయాను. పోయేసరికి ఆమె ఆ ఫోనును చెంగుతో తుడుస్తున్నది.

"భాయీ, బుచ్చయ్య దీన్ల ఖబర్ ఏస్తనే ఉన్నడు. నేను దాన్ని గల్లీకి పంపిస్తున్న. అతియా నేర్పిచ్చింది," అన్నది. నేను ఏమీ అనకముందే మళ్ళీ తనే అన్నది: "పోయినోళ్ళ పేరు మీద నీళ్ళు తాపిస్తే వాళ్ళకు సవాబ్ పోతదంట. సడక్ మీద కుండలు వెట్టి నీళ్ళు తాపిచ్చే తాహత్ నాకేడిది? ఇదైతే నాతోని అయితది. నేను ఖబర్ ఏస్తే గల్లీ మొత్తం నీళ్ళు పట్టుకుంటది. పోదా భాయీ, ఆయనకు సవాబ్?"

సవాబ్ అంటే పుణ్యం. వాళ్ళ శాస్త్రం నాకు తెలియదు. "పోతది భాభీ," అన్నాను. అప్పుడు పోతుందనే అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. నంబరు సంగతి ఎత్తకుండా చాయ్ తాగి వచ్చేశాను.

అప్పటి నుంచి గల్లీకి నీళ్ళ కబురు దస్తగీర్ పేరు మీదనే వస్తున్నది. బుచ్చయ్య ఆ ఫోనుకు గొంతు రికార్డు చేసి పంపుతాడు: "సలాం అమ్మా, ఆరు గొట్టంగ ఇడుస్తున్న." నల్లా రోజున నీళ్ళు రాకపోతే ట్యాంకు ఫోటో ఒకటి తీసి పంపుతాడు. గొంతు వస్తే నల్లా ఉంది, ట్యాంకు బొమ్మ వస్తే నల్లా లేదు. భాభీకి తెలిసిన చదువు అంతే. ఏది వచ్చినా దాన్ని వేలితో అదిమిపట్టి, బాణం గుర్తు నొక్కి, నల్లా బొమ్మ ఉన్న గ్రూపులోకి తోస్తుంది. కబురు అందినవాళ్ళు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేవారు. ఆమె వాటిని వేలు పెట్టి లెక్కపెట్టుకునేది. ఒక్కొక్క దండం ఒక్కొక్క ఇంటి నీళ్ళు. ఎన్ని దండాలు వచ్చినయో సాయంత్రం మా ఇంటి ముందు ఆగి నాకు చెప్పి పోయేది, పరీక్షలో మార్కులు చెప్పినట్టు.

5. ఫిర్యాదుకు కారణమైన సంఘటన.

దస్తగీర్ ఫోనులో అతను మోటార్లు బాగుచేసిన వాళ్ళ నంబర్లన్నీ ఉన్నాయి. అందులో ఎవరో, ఎవరన్నది నాకు తెలియదు, ఒక నీళ్ళ ట్యాంకు ఫోటో పంపారు. దాని కింద తెలుగులో ఒక వర్గం వాళ్ళు నీళ్ళలో ఏదో కలిపారని, తాగవద్దని, పదిమందికి పంపమని రాసి ఉంది. ఏ వర్గమో ఇక్కడ రాయను. అది పచ్చి అబద్ధం, అబద్ధానికి ఏ వర్గమైనా ఒకటే.

భాభీ ఆ రోజు పొద్దున ట్యాంకు బొమ్మ చూసింది. పంపింది.

ఆ వెంటనే వాకిట్లోకి వచ్చి మా ఇంటావిడ రాజమణితో అన్న మాట ఇది: "రాజమణీ, ఇయ్యాల నల్లా రాదంట. ట్యాంకు ఫోటో వచ్చింది. మొన్నటి నీళ్ళు జర జాగ్రత్తగ వాడుకో." ఇదే నా సాక్ష్యం. నాకు వేరే సాక్ష్యం లేదు. రాజమణి ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతుంది.

నేను అప్పటికే ప్రెస్సుకు పోయాను. అక్కడ ఫోన్లు సొరుగులో పెట్టాలి, యజమాని రూలు. మధ్యాహ్నం అన్నం వేళకు సొరుగు తెరిచేసరికి గ్రూపు తగలబడిపోతున్నది.

మొదట రాసినవాడు అంజన్. వాళ్ళు గల్లీ విడిచి మలక్‌పేటకు పోయారు. నల్లా మలక్‌పేటలో, నోరు మాత్రం మా గల్లీలో ఉంచుకున్నాడు. దస్తగీర్ పోయిన సంగతి అతనికి తెలియదు. "దస్తగీర్ చాచా, నువ్వు గిట్ల ఏస్తవనుకోలే. ఎవరు కలిపిన్రో చెప్పు," అని రాశాడు. చచ్చిపోయినవాడు జవాబివ్వలేదు. "చూసి గూడ సప్పుడు చేస్తలేడు చూడుండ్రి," అని మళ్ళీ రాశాడు. నిజమే, చూసినట్టు గుర్తు పడింది. ఆ ఫోను తెరిచి దండాలు లెక్కపెట్టుకోవడానికి కూర్చున్నది భాభీ.

దానికి మా గల్లీ పిల్లగాడు ఫర్హాన్ అందుకున్నాడు. 'చాచా చనిపోయిండు' అని ఒక్క ముక్క రాస్తే మంట అక్కడే ఆగేది. కోపంలో ఆ ఒక్క ముక్క తప్ప మిగతావన్నీ రాశాడు. ఆ తరువాత ఎవరు ఎవరిని ఏమన్నారో తమ దగ్గర ఫోటోలు ఉన్నాయి. పక్క పక్క గోడల వాళ్ళు, ఒకరి పెండ్లిలో ఒకరు వడ్డించినవాళ్ళు. వాళ్ళ శుభలేఖలు నేనే కూర్చాను. ఆ పేర్లు అక్కడ ఆ మాటల పక్కన చూసి అన్నం డబ్బా మళ్ళీ మూసేశాను.

నేను ఆ ట్యాంకును తీసేశాను. మాటలన్నీ ఒక్కొక్కటి తీసేశాను. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేశాను. ప్రెస్సు బయట నిలబడి అంజన్‌కు ఫోను చేశాను.

"అంజన్, దస్తగీర్ లేడు బిడ్డా. చలికాలంల పోయిండు."

"మరి ఏసిందెవరు కాకా?" అన్నాడు.

అయ్యా, చిక్కు ఇక్కడే ఉంది. అతను చనిపోయాడంటే వేసింది భార్య అని తేలుతుంది. భార్య కాదంటే చనిపోయినవాడి మీద పడుతుంది. దస్తగీర్ ఉంటే మలక్‌పేట దాకా బస్సెక్కి పోయి, వాళ్ళింట్లో కూర్చుని, చాయ్ తాగి చెప్పేవాడు. నేను ఫోనులో చెబుతున్నాను. "నేను అడ్మిన్‌ను. నన్ను అను," అన్నాను. "నీ పేరు లేదు గదనే దాని మీద," అని పెట్టేశాడు. సాయంత్రం తమ దగ్గరికి వచ్చాడు. అతన్ని నేను తప్పు పట్టను. చూసింది చూసినట్టు ఫిర్యాదు చేశాడు.

6. ఆ రోజు సాయంత్రము.

భాభీ ఎప్పటిలాగే మా ఇంటి ముందు ఆగింది. మొహం వెలిగిపోతున్నది.

"భాయీ, ఇయ్యాల మస్తు మంది జవాబిచ్చిన్రు. లెక్క తప్పిపోయిన. గని చేతులు జోడిచ్చిన బొమ్మ ఒక్కటి లేదు, అన్నీ అక్షరాలే. తర్వాత చూస్తే అవి గూడ పోయినయ్. నల్లా రాలేదని లొల్లి వెట్టిన్రా?"

"అవును భాభీ. నీళ్ళ గురించే," అన్నాను.

"పాపం, ఎండలు గదా," అన్నది.

ఆమె పోయినాక లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నా ఏడుపు రాజమణి చూసింది.

7. ప్రస్తుత పరిస్థితి.

మరుసటి నల్లా రోజున బుచ్చయ్య గొంతు పంపాడు. భాభీ గ్రూపులోకి తోసింది. దస్తగీర్ ఫోను కూడా అడ్మిన్‌దే కాబట్టి నేను వేసిన తాళం దానికి పడలేదు. అందరి నోళ్ళూ కట్టేసిన గ్రూపులో మళ్ళీ ఆ పేరు మీదనే కబురు పడింది. నేను తాళం తీసేశాను, ఎవరైనా దండం పెడతారేమోనని. ఎవరూ పెట్టలేదు. సంగతి తెలిసినవాళ్ళు కూడా మాట్లాడలేదు. మాట్లాడితే తమ నంబరు ఎక్కడ ఠాణా కాగితాల్లో పడుతుందోనని వాళ్ళ భయం. ఒకరి వెనుక ఒకరు గ్రూపు విడిచిపోయారు. విడిచినప్పుడల్లా ఒక చిన్న అక్షరాల వరుస పడింది. అవి ఏందని భాభీ అడిగింది. కంపెనీవాళ్ళు వేసే మాటలని చెప్పాను.

ఇప్పుడు గల్లీకి కొత్తగా రెండు గ్రూపులు ఉన్నాయని విన్నాను. ఒకదానిలో నన్ను చేర్చుకుంటామన్నారు, రెండో దానిలో చేర్చుకోరు. ఒకటి వద్దని రెండూ వద్దన్నాను. నీళ్ళు మాత్రం అదే పైపులో వస్తున్నాయి. మా గ్రూపులో మిగిలినవాళ్ళం ముగ్గురం: నేను, రాజమణి, దస్తగీర్ ఫోను. భాభీ కబురు వేస్తుంది, రాజమణి గోడ మీది నుంచి పక్కింటికి చెబుతుంది, అక్కడి నుంచి అది రెండు గ్రూపులకూ పోతుంది. గల్లీ అంతా ఆమె ఇచ్చిన కబురుతోనే నీళ్ళు పట్టుకుంటున్నది, ఆమెకు మాత్రం ఆ మాట తెలియదు.

మొన్న అడిగింది.

"భాయీ, రెండే దండాలు వస్తున్నయ్. నీది, రాజమణిది. మిగతోళ్ళు ఏడికి పోయిన్రు?"

"ఎండాకాలం సెలవులు గదా భాభీ, ఊర్లకు పోయిన్రు."

"ఊర్లకు పోతే బిందెలు ఎవరు నింపుతున్నరు? వాకిట్ల కనవడుతున్నయ్ గదా." మళ్ళీ తనే మెల్లగా అన్నది: "ఆయన ఉన్నప్పుడు ఎవరితోనన్న లొల్లి అయిందా భాయీ? చెప్పు, నేను పోయి మాఫీ అడుగుత."



ఆదివారం నాడు అతియా వచ్చింది. ఆ ఫోటో చాంద్రాయణగుట్ట దాకా పోయి ఆమె చూసింది. అమ్మ ఇంట్లోకి పోకముందే మా ఇంటికి వచ్చి బురఖా చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

"చాచా, అమ్మీకి మాలూమ్ కావద్దు. అబ్బా పేరు మీద సవాబ్ అనుకుంట చేస్తున్నది. ఆ పేరు మీద పాపం వోయిందని తెలిస్తే బతకది."

"ఫోను నువ్వు తీసుకుపో బిడ్డా," అన్నాను.

"తీసుకపోతే ఇంకేం మిగిలింది చాచా ఆమెకు?" అన్నది.

డానియేలు గారు నిన్న వచ్చారు. మంచి మనిషి. పేరు చదివి, "ఈ దస్తగీర్ ఎవరు, పిలువుండ్రి" అన్నారు. నేను సంగతి చెప్పాను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"సచ్చిపోయినాయనకు నోటీస్ ఎట్ల ఇయ్యాలె పెద్దాయనా? ఫోన్ అయితే తీసుకరమ్మన్నరు. గ్రూపు గూడ సార్ ముంగట తీసెయ్యాలె," అన్నారు. భాభీ ఇంటి వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "మీరొక అర్జీ రాయుండ్రి. సార్ చదువుతడు," అన్నారు.

కాబట్టి రాస్తున్నాను.

8. ప్రార్థించునది.

(అ) ఫిర్యాదులో దస్తగీర్ పేరు కొట్టివేయగలరు. బతికినన్నాళ్ళూ అతను ఎవరినీ ఒక్క మాట అనలేదు. పోయిన తరువాత అతని పేరు మీద ఆ మాట ఉండరాదు.

(ఆ) ఆ స్థానంలో నా పేరు వేయగలరు. గ్రూపులో ఏం పడ్డా అడ్మిన్‌దే జవాబుదారీ అని తమరే మైకులో సెలవిచ్చారు. తమరు రమ్మన్న రోజున, రమ్మన్న వేళకు వచ్చి, ఎక్కడ చేవ్రాలు చేయమంటే అక్కడ చేస్తాను. ప్రెస్సులో సెలవు చెప్పి ఉంచాను.

(ఇ) ఫోను కావాలంటే నాది తీసుకోగలరు. ఆమెది తీసుకోవద్దు. అందులో తమకు కావలసిన ఫోటో ఒక్కటే ఉంది. అది తమ దగ్గర ఉండనే ఉంది.

(ఈ) ఆమెకు ఎవరూ ఏమీ చెప్పకుండా చూడగలరు. ముఖ్యముగా ఇది.

(ఉ) 4 నుంచి 7 వరకు అంశాలు చదివిన తరువాత ఆ పేజీలు నాకు తిరిగి ఇప్పించగలరు. ఫైలులో పెట్టడానికి వేరే పేజీ రాసి ఇస్తాను. అందులో ఆమె పేరు ఉండదు.

(ఊ) గ్రూపును మూసివేయమని ఆజ్ఞాపించవద్దు. ముగ్గురున్న గ్రూపు వల్ల శాంతిభద్రతలకు భంగం వాటిల్లదని నా చేవ్రాలుతో పూచీ ఇస్తున్నాను. అందులో ఒకరు చనిపోయారు, ఇద్దరు ముసలివాళ్ళు.

పై మనవిని పెద్ద మనసుతో చిత్తగించవలెను అని, చిత్తగించిన తరువాత కోపగించకుండవలెను అని రెండు చేతులూ జోడించి వేడుకొనుచున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
గుండయ్య
గాజులబావి గల్లీ, లాల్‌దర్వాజా

తా.క.: అయ్యా, అర్జీ మడిచిన తరువాత మళ్ళీ విప్పి రాస్తున్నాను. అడగవచ్చునో లేదో తెలియదు. డానియేలు గారి దగ్గర తమ నంబరు ఉంటుంది గదా. తమరు ఒప్పుకుంటే గ్రూపులో చేరుస్తాను. సపరివార సమేతంగా అక్కరలేదు, తమరొక్కరే చాలు. డానియేలు గారు కూడా వస్తానంటే సంతోషం. రూలు ఒక్కటే, నీళ్ళ ముచ్చట తప్ప మరొకటి వద్దు. ఎల్లుండి నల్లా రోజు. పొద్దున కబురు పడుతుంది. తమరు ఏమీ రాయనక్కరలేదు, చేతులు జోడించిన బొమ్మ ఒక్కటి నొక్కగలరు. ఈ మూడో దండం ఎవరిదని భాభీ సాయంత్రం నన్ను అడుగుతుంది. గల్లీలోకి కొత్తగా కిరాయికి దిగిన మనిషిదని చెబుతాను.